దుమ్ములో ఎన్నేళ్లు ఉన్నావు?

నా ఉద్యోగం జనాల ఛాతీ మీద వేళ్లతో తట్టడం. ఎడమచేతి నడిమివేలిని పక్కటెముకల సందులో ఆనించి, కుడిచేతి నడిమివేలితో దాని మీద టకటకమని రెండు దెబ్బలు. పాతికేళ్లుగా ఇదే పని. డోలు వాయించేవాళ్లకు ఎదురుగా చప్పట్లు వస్తాయి, నాకు దగ్గు వస్తుంది. అదొక్కటే తేడా.

ఈ విద్య నాకు వైద్య కళాశాలలో పట్టుబడిందని మా ప్రొఫెసర్లు అనుకునేవారు. నిజానికి నేర్పింది మా నాయన. ఉరవకొండ అవతల ఒక గుట్ట కింద కంకర మిషన్లో ఆయన పనిచేసేవాడు. మిషన్ డీజిలు ఇంజనుతో నడిచేది. షెడ్డులో వరసగా నిలబెట్టిన డ్రమ్ముల్లో దేంట్లో ఎంత డీజిలు ఉందో మూత తీయకుండా చెప్పేవాడు. వేలి కణుపుతో పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చేవాడు. ఖాళీగా ఉన్నంతవరకూ డ్రమ్ము డంగుమని మోగేది. డీజిలు తగిలిన చోట దాని గొంతు పూడిపోయేది. "ఈడికి ఉండాది" అని సుద్దముక్కతో గీత గీసేవాడు.

మూడో ఏడు చదువుతుండగా ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన రోగి ఒకాయన్ని మా ముందు కూర్చోబెట్టారు. నేను వీపు మీద పైనుంచి తట్టుకుంటూ వచ్చి, మోత ఆగిన చోట పెన్నుతో గీత గీశాను. నీరు సరిగ్గా అక్కడిదాకానే ఉంది. "ఎక్కడ నేర్చుకున్నావోయ్?" అని ప్రొఫెసర్ మెచ్చుకోలుగా అడిగారు. "డీజిలు డ్రమ్ముల దగ్గరండీ" అన్నాను. వేళాకోళమాడుతున్నానని బయటికి పంపించారు. నిజం చెప్పిన ప్రతిసారీ నాకు దాదాపు ఇలాగే జరిగింది.

ఇప్పుడు ఆ ప్రొఫెసర్ల కుర్చీలో నేనున్నాను. పిల్లలకు ఇదే చెబుతాను. ఛాతీలో ప్రతి జబ్బుకూ ఒక యాస ఉంటుంది. నిమ్ము చేసిన చోట తడితే నిండు మూటను తట్టినట్టుంటుంది, అక్కడ చెవి పెడితే ఊపిరి గొట్టంలోంచి ఊదినట్టు వినిపిస్తుంది. నీరు చేరితే బండను తట్టినట్టే, లోపల ఊపిరి చప్పుడే ఉండదు. తిత్తి చిల్లిపడి గాలి బయటికి చేరితే ఖాళీ డ్రమ్ము. ఉబ్బసమైతే పిల్లికూతలు. ఏళ్ల తరబడి బీడీ తాగినవాడి ఛాతీ పీపాలా ఉబ్బి ఉంటుంది, పెదాలు ముడిచి వేడి అన్నం మీద ఊదుతున్నట్టు ఊపిరి వదులుతాడు. తిత్తులు గట్టిపడిన మనిషి గట్టిగా గాలి పీల్చినప్పుడు, చివర్లో చెవి దగ్గర బొరుగులు నలిపినట్టు చిటపటలు. పుస్తకంలో దీనికి వేరే పోలిక ఉంది కానీ, బొరుగులతో చేసే ఉగ్గాని తిని పెరిగిన నాకు బొరుగులే గుర్తొస్తాయి.

వీటన్నిటికీ దొరకని జబ్బు ఒకటుంది. రాతి దుమ్ము జబ్బు. అది చేతికి దొరకదు, చెవికి దొరకదు. మనిషి పది అడుగులు వేసి ఆయాసపడుతుంటాడు, స్టెతస్కోపు పెడితే లోపల ఏమీ జరగనట్టు ఉంటుంది. ముదిరాక కొంచెం చిటపటలు వినిపించవచ్చు, అంతే. దాన్ని పట్టుకోవడానికి పనికొచ్చే పనిముట్టు నోరొక్కటే. ఒక ప్రశ్న అడగాలి: దుమ్ములో ఎన్నేళ్లు ఉన్నావు?

మా నాయనను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడే, మంచి మాటకారి.

మిషన్ నోటికి బండలు అందించడం ఆయన పని. అది రాయిని నమిలి కంకర ఉమ్మేది, నమిలేటప్పుడు తెల్లటి దుమ్ము లేచి మనిషికి మనిషి కనబడేవాడు కాదు. రాళ్ల మీద నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు యజమాని. ఒకసారి మా నాయనే అడిగాడట, "అన్నా, రోంత నీళ్లు చల్లించు" అని. యజమాని నవ్వుతూ, "తాగేకే నీళ్లు ల్యావు, రాళ్లకు తాపల్లనా ఏమప్పా?" అన్నాడట. అందరూ నవ్వారు, మా నాయన కూడా. మా జిల్లాలో కరువు మీద జోకు వేస్తే నవ్వకుండా ఉండడం మర్యాద కాదు. ఆ నవ్వుతో ఎంత దుమ్ము లోపలికి పోయిందో.

నీళ్లకు బదులు బెల్లం ఇచ్చేవాడు. సాయంత్రం పని దిగేటప్పుడు షెడ్డు వాకిట్లో నిలబడి, ఒక్కొక్కరి అరచేతిలో నిమ్మకాయంత ముక్క పెట్టేవాడు. "తినండప్పా, లోపలుండే దుమ్మంతా కడిగేస్తాది." అందుకని చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు మంచివాడని పేరు. బెల్లం పోయేది పొట్టలోకి, దుమ్ము పోయేది తిత్తిలోకి. రెండూ ఎదురుపడేది గొంతు దగ్గర ఒక్కచోటే, అక్కడ కూడా పలకరించుకోకుండా చెరో దారిన పోతాయి. కానీ మా వాళ్లందరూ నమ్మారు. మా నాయన సగం కొరికి సగం నాకు తెచ్చేవాడు కాబట్టి, నేను యజమాని బెల్లం తిని పెరిగినవాణ్ణే. విశ్వాసం లేని ఒళ్లు.

నాయన దగ్గు పెద్దదైనప్పుడు యజమాని అందరి ముందూ అన్నాడు: "నీకు టీబీ తగులుకుండాదప్పా. మా కుండలో నీళ్లు ముంచుకోవద్దు. ఇంటికి పో." నాయన పోతుండగా చేతిలో కిలో బెల్లం పెట్టాడు. నాయనకు ఆయాసం కాబట్టి నెమ్మదిగా నడిచాడు. ఆ మాటకు ఆయాసం లేదు కాబట్టి మా వీధికి ముందే చేరింది.

టీ కొట్టులో నాయన కోసం ఒక స్టీలు గ్లాసు వేరు చేశారు. అంచు దగ్గర సొట్ట పడినది. కొట్టు బయట మేకుకు తగిలించి ఉండేది. పెళ్లిళ్లలో మా విస్తరి చివర వేసేవాళ్లు. మా అమ్మకు దాహమైతే దోసిట్లో పైనుంచి పోసేవాళ్లు. ఆసుపత్రిలో కఫం తీసుకుని గళ్ల పరీక్ష ఎన్నిసార్లు చేసినా పురుగు కనబడలేదు, అయినా ఎక్స్‌రే ఫిల్ములో నీడ ఉందని టీబీ బిళ్లలు రెండు విడతలు మింగించారు. నాయన మంచంలోనే చిక్కి చిక్కి పోయాడు. పోయిన మూడో రోజు టీ కొట్టాయన ఆ గ్లాసు తెచ్చి మా వాకిట్లో పడేసి వెళ్లాడు. అమ్మ దాన్ని తోమి, బట్టల పెట్టెలో నాయన ఫిల్ము పక్కన పెట్టింది.

మూడో ఏటి సెలవుల్లో ఆ ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను. రెండు వైపులా పైభాగాన కొర్రలు చల్లినట్టు చుక్కలు. నడిమిన గడ్డల అంచున గుడ్డు పెంకులాంటి సన్నటి గీత. టీబీ ఎక్కడా లేదు, ఉన్నదంతా గుట్ట. అమ్మకు చెప్పాను. ఆమె ఫిల్ము నా చేతిలోంచి తీసుకుని పెట్టెలో పెట్టింది. తర్వాత, "నువ్వు చెప్తే ఎవరు నమ్ముతారు రా? ఆ మాట అన్నోడే చెప్పల్ల" అంది.

ఆ రోజు నుంచి యజమాని కోసం కాచుకున్నాను. పగకూ పొగకూ ఒక్క ఒత్వమే తేడా అంటారు కానీ, నాది పొగలేని పగ. లోపల రాజుకుంటూ, బయటికి "రండి, కూర్చోండి, గట్టిగా ఊపిరి పీల్చండి" అంటూ ఉండేది. దుమ్ములో అన్నేళ్లు కూర్చున్నవాడు ఏదో ఒక రోజు నా బల్ల ముందుకు వస్తాడని నాకు తెలుసు. వస్తే అరచేతిలో పెట్టడానికి సొరుగులో ఒక బెల్లం ముక్క కాగితంలో చుట్టి ఉంచాను. "తిను, కడిగేస్తుంది" అనడానికి గొంతు కూడా సవరించి పెట్టుకున్నాను. రెండు నెలలకొకసారి చీమలు ముక్క తినేసేవి, నేను కొత్తది పెట్టేవాణ్ణి. నా పగ వల్ల బాగుపడినవి ఆ చీమలే.

పోయిన ఎండాకాలం వచ్చాడు. కొడుకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఆయన్ని చేయి తగలకుండా నడిపించుకొచ్చాడు. యజమాని నన్ను గుర్తుపట్టలేదు. కూలీల పిల్లల ముఖాలు గుర్తుపెట్టుకునేంత తీరిక ఆయనకు ఎప్పుడూ లేదు.

అంత శ్రద్ధగా నేను ఏ రోగినీ చూడలేదు. గోళ్లు చూశాను, బాగానే ఉన్నాయి. గొంతు గుంటలో వేలు పెట్టి గాలిగొట్టం పక్కకు జరిగిందేమో చూశాను, జరగలేదు. రెండు అరచేతులూ ఛాతీకి ఆనించి ఊపిరి పీల్చమన్నాను, రెండు వైపులా కొద్దిగానే కదిలింది. ఎముక ఎముకకూ తట్టాను. వీపు మీద చేయి పెట్టి "ఒకటి, ఒకటి, ఒకటి అనండి" అన్నాను. పైభాగాన చిన్న చిటపటలు తప్ప అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు, మా ఇంట్లో పెరిగిందే.

"ఏం పని చేసేవాడివి పెద్దాయనా?"

"వ్యాపారం సార్. కంకర మిషను ఉండేది, ఇప్పుడు ల్యాదు."

"దుమ్ములో ఎన్నేళ్లు ఉన్నావు?"

"దుమ్ము యాడిది సార్? మా మిషన్లో దుమ్మే ల్యాదు. తనిఖీకి వచ్చినోళ్లను అడగండి కావాలంటే, అందరికీ ఇదే చెప్పినా."

తర్వాత కొడుకు వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించాడు. "సార్, టీబీ అని మాత్రం రాయొద్దు. ఎవరో చిన్న డాక్టరు అనుమానం అన్నాడు. ఆ పొద్దునుంచి నా కంచం వసారాలో పెడ్తాండారు."

కొడుకు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. ఆ క్షణంలో నా ఛాతీ ఎవరైనా తట్టి ఉంటే ఖాళీ డ్రమ్ములా మోగేది. అంత సంతోషం.

వార్డులో చేర్చుకున్నాను. గళ్ల పరీక్షలన్నిటిలో పురుగు లేదని వచ్చింది. ఫిల్ము వచ్చింది, అవే కొర్రలు, అదే గుడ్డు పెంకు. కానీ అలాంటి చుక్కలు వేరే జబ్బుల్లోనూ పడతాయి, దుమ్ములో పనిచేశానని మనిషి చెబితే తప్ప జబ్బు పేరు కాగితం మీద నిలబడదు. ఆయన చెప్పడు. రోజూ అడుగుతున్నాను, రోజూ "దుమ్ము యాడిది సార్?" అంటున్నాడు. దుమ్ముకు కొమ్ము తీస్తే దమ్ము. ఆయనకు లోపల దమ్ము లేదు, బయట దుమ్ము లేదు.

నాలుగో రోజు వార్డు నర్సమ్మ ఫిర్యాదు తెచ్చింది. "సార్, ఆ తాతకు ఇన్సులిను పెంచినా షుగరు దిగట్లేదు." ఇద్దరం వెళ్లాం. దిండు వైపు చీమల బారు పోతోంది. నర్సమ్మ దిండెత్తింది. కింద పేపరు పొట్లం, పొట్లంలో బెల్లం.

"ఇదెందుకు తాతా?"

"దుమ్ముకు మంచిదమ్మా. లోపలంతా కడిగేస్తాది. ఎన్నేండ్లుగానో తింటాండా."

ఆ మాట అనేశాక నా ముఖం చూశాడు.

"దుమ్మే లేని మిషన్లో దుమ్ముకు బెల్లం ఎందుకు తిన్నావు పెద్దాయనా?"

చేత్తో పొట్లం మూశాడు. "నమ్మే తింటి సార్. అందరికీ పెడితి, నేనూ తింటి. కూలోళ్లు పని ఎగ్గొడ్తారని మిషను నోటి పక్కనే కుర్చీ ఏసుకుంటి. ఇరవై రెండేండ్లు ఆ కుర్చీలోనే ఉంటి."

సొరుగులో ఇన్నేళ్లు దాచిన నా ముక్క గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయన తన బెల్లం తనే తెచ్చుకున్నాడు. నేను మోసగాడి కోసం కాచుకుంటే వచ్చింది మూఢుడు. మోసగాణ్ణి క్షమించకుండా ఉండడం సులువు, మూఢుణ్ణి క్షమించకుండా ఉండాలంటే కొంచెం కష్టపడాలి. కష్టపడ్డాను. బెల్లం సంగతి ఆయనకు తెలియకపోవచ్చు, నీళ్ల సంగతి తెలుసు. టీబీ సంగతి తెలియకుండానే నలుగురి ముందూ అన్నాడు.

"టీబీ కాదని రాస్తాను, రాతి దుమ్ము అని రాస్తాను. అంటుకునేది కాదని మీ కొడుక్కు చదివి వినిపిస్తాను" అన్నాను. "అది ఎటూ నా బాధ్యత. వేరే సంగతి, రేపు నా దగ్గర చదువుకునే పిల్లలు వస్తారు. వాళ్లు పరీక్షిస్తే పరవాలేదా? ఇష్టమైతేనే."

"ఎంతమంది సార్?"

"పదకొండుమంది."

"చూడనీలే సార్. నా కంచం లోపలికి వస్తే చాలు."

మామూలుగా ఒక విద్యార్థి రోగిని ప్రశ్నిస్తే మిగతావాళ్లు పక్కన నిలబడి రాసుకుంటారు. ఆ రోజు కొత్త పద్ధతి పెట్టాను. ఒక్కొక్కరే వెళ్లాలి, ఎవరికివాళ్లే మొదటినుంచీ అడగాలి, ఎవరికివాళ్లే తట్టి చూడాలి. "మీ చదువు కోసమే" అన్నాను. నమ్మారు. ఇంకా చిన్నవాళ్లు కదా.

నేను కిటికీ దగ్గర కేస్ షీట్లు చూస్తున్నట్టు నిలబడ్డాను. ఆయన అలసిపోకుండా మధ్యమధ్య ఆపించాను, ఆక్సిజన్ పెట్టించాను. నా పగ వైద్యశాస్త్ర నియమాలకు లోబడే నడిచింది. సామర్లకోట నుంచి వచ్చిన అమ్మాయి మొదట వెళ్లి, "తాతగారూ, మీరేం పని చేసేవారండీ?" అంది. "దుమ్ములో ఉంటినమ్మా. ఇరవై రెండేండ్లు" అన్నాడు. నాలుగోవాడికి అదే చెప్పాడు. అయిదోవాడు నోరు తెరవకముందే, "దుమ్ములోనప్పా, రాసుకో" అన్నాడు. ఏడో అమ్మాయితో, "నీళ్లు చల్లకపోతిమి" అని ఎవరూ అడగకుండానే చేర్చాడు. తొమ్మిదోవాడితో, "నాతో పాటు చానామంది ఉండ్రి" అన్నాడు.

పదోవాడు కలం ఆపి, "వాళ్లకేమైంది తాతా?" అన్నాడు.

అది నేను నేర్పిన ప్రశ్న కాదు. యజమాని దగ్గాడు, దగ్గు అయ్యాక కూడా దగ్గాడు. "పోయిరి" అన్నాడు.

అప్పటికే మా అమ్మ వార్డు గుమ్మంలో ఉంది. ముందురోజు ఇంట్లో అంతా చెప్పి, వస్తావా అని అడిగాను. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇప్పుడు నా అన్నం క్యారియరు, భుజానికి సంచీతో వచ్చి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. పదకొండో అమ్మాయి అడిగింది, ఆయన చెప్పాడు. అమ్మాయి లేచాక అమ్మ అంది:

"ఇంకొక్కతూరి చెప్పన్నా."

"ఎవరమ్మా నువ్వు?"

ఆ రోజుల్లో ఆమెను "ఏమే" అనేవాడు.

"నీ మిషను నోటికి బండలు అందిచ్చేటాయన పెండ్లాన్ని. టీబీ అని ఇంటికి పంపిస్తివే, కేజీ బెల్లమిచ్చి. యాదికి వస్తాండాదా?"

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "ఈ సారు..."

"నా కొడుకే."

పిల్లలు కాగితాలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"ఆయప్పది టీబీ గాదమ్మా" అన్నాడు యజమాని. "దుమ్ము."

"గట్టిగా చెప్పన్నా. అప్పుడు గట్టిగానే చెప్తివి గదా."

"టీబీ గాదు. నా మిషను దుమ్ము." అంత మాటకు మూడుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

అమ్మ సంచీలోంచి గ్లాసు తీసింది. అంచు దగ్గర సొట్ట. అది తెస్తుందని నాకూ తెలియదు. సీసాలోంచి నీళ్లు నింపి ఆయన చేతికిచ్చింది. ఆయన అలవాటుగా తల వెనక్కి వాల్చి, నోటికి తగలకుండా గ్లాసు పైకెత్తాడు.

"కరుచుకుని తాగన్నా" అంది అమ్మ. "అంటుకునే రోగం గాదంటివి గదా."

గ్లాసు అక్కడే ఆగింది. ఆయన సొట్టను చూశాడు. అది ఏ కొట్టు బయట వేలాడేదో ఆయనకు తెలుసు, రోజూ ఆ కొట్టులోనే టీ తాగేవాడు. మెల్లగా దించి పెదాలకు ఆనించుకున్నాడు. మధ్యలో రెండుసార్లు ఆయాసంతో ఆగాడు. అమ్మ తొందరపెట్టలేదు, చేయి కూడా చాపలేదు. అడుగంటా తాగి ఇచ్చాడు.

పిల్లల్లో ఎవరో ముక్కు చీదారు. నేను కాదని చెప్పాలని ఉంది.

బయటికి వచ్చాక కొళాయి దగ్గర గ్లాసు కడుగుదామని చేయి చాపాను. అమ్మ కొంగు చాటుకు లాక్కుంది. "కడగొద్దు రా. ఆయప్ప ఎంగిలి అట్లే ఉండనీ."

ఇంటికి తీసుకెళ్లి, నాయన ఫోటో ముందు బోర్లించకుండా, యజమాని పెదాలు ఆనిన వైపు ఫోటోకు కనబడేలా పెట్టింది. తెల్లారి చూస్తే గ్లాసు అంచున, సరిగ్గా అక్కడే, చీమలు పట్టి ఉన్నాయి. ముసలాయన ఆ పూట కూడా, నర్సమ్మకు తెలియకుండా, ఎక్కడినుంచో బెల్లం సంపాదించి చప్పరించాడన్నమాట.